చిటుక రోగానికి సూదా, చుక్కలా? ఒక డోసా, రెండా?

నెల్లూరు జిల్లా ఉదయగిరి మెట్టలో జీవాలకు టీకాల క్యాంపు పెడితే ఎవరో ఒకరు అడిగే మాట ఒకటుంది. "పిలకాయలకు నోట్లో చుక్కలేస్తుండారు గదా, మా జీవాలకు మాత్రం సూదులెందుకు? అదీ రెండుసార్లు!" విసుగ్గా అన్నా అది మంచి ప్రశ్న. గొర్రెలనూ మేకలనూ ఉన్నట్టుండి చంపే చిటుక రోగం మొదలయ్యేది పేగులో. పేగులో పుట్టే రోగానికి చర్మం కింద సూది వేస్తే ఏం ఉపయోగం అని అనుమానం రావడం సహజమే. దీనికి జవాబు దొరికితే ఏ టీకా తీసుకోవాలి, ఎప్పుడు వేయించాలి, ఎన్నిసార్లు వేయించాలి అన్నవి చాలావరకు తేలిపోతాయి.

చూడాల్సింది రోగం ఎక్కడ పుట్టింది అన్నది కాదు, విషం ఎక్కడ దెబ్బకొడుతుంది అన్నది.

చిటుక రోగానికి కారణం క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియాలో డి రకం. ఇది ఆరోగ్యంగా తిరుగుతున్న గొర్రె పేగులో కూడా కొద్దిగా ఉంటుంది, మామూలు రోజుల్లో ఏ హానీ చేయదు. వానలు పడి లేత గడ్డి ఒక్కసారిగా దొరికినా, కోతలయ్యాక మడిలో రాలిన వడ్లు కడుపునిండా మేసినా కథ మారుతుంది. అరగని పిండిపదార్థం చిన్నపేగులోకి దిగుతుంది, పేగు కదలిక మందగిస్తుంది, బ్యాక్టీరియా విపరీతంగా పెరిగి ఎప్సిలాన్ అనే విషాన్ని వదులుతుంది. వదిలినప్పుడు అది పనిచేయని రూపంలో ఉంటుంది. పేగులో మేతను అరిగించే ట్రిప్సిన్ అనే రసమే దాన్ని కత్తిరించి అసలు విషంగా మారుస్తుంది. అలా మారిన విషం పేగు గోడను వదులు చేసి నెత్తురులోకి జారుకుంటుంది, అక్కడి నుంచి మెదడుకూ మూత్రపిండాలకూ చేరి రక్తనాళాల గోడలను పాడుచేస్తుంది. సాయంత్రం దొడ్డిలోకి తోలినప్పుడు బాగున్న పిల్ల తెల్లారేసరికి తల వెనక్కి విరిచి, కాళ్లు చాచి పడి ఉంటుంది. మందలో బాగా బలిసిన పిల్లే ముందు పోతుంది. కాపరికి అసలు బాధ అదే.

అంటే ఈ విషం పేగులో పుట్టినా, చంపడానికి నెత్తురులో ప్రయాణం చేయాలి. ఆ దారిలోనే దాన్ని పట్టుకునే యాంటీబాడీలు నెత్తురులో ఉంటే మెదడుదాకా చేరనివ్వవు. నెత్తురులో యాంటీబాడీలు పెంచడంలో సూదిని మించింది లేదు. గొర్రెకు సూది టీకా బాగా పనిచేయడానికి కారణం ఇదే.

మనుషులకు వచ్చే కలరాతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. కలరా విషం నెత్తురులోకి పోయి ఏ అవయవాన్నీ చెడగొట్టదు. పేగు లోపలి పొరకు అతుక్కుని, ఆ కణాల చేత ఉప్పునీళ్లు బయటికి పోయిస్తుంది. కలకత్తాలో శంభునాథ్ డే అనే శాస్త్రవేత్త 1959లో కుందేళ్ల పేగు ముక్కలను కట్టి వాటిలో ప్రయోగం చేసి, బ్యాక్టీరియా వదిలిన విషమే పేగులో నీళ్లు నింపుతుందని చూపించాడు. మనిషి చచ్చేది నీళ్లు పోయి. అలాంటప్పుడు నెత్తురులో ఎన్ని యాంటీబాడీలున్నా, పేగు లోపలి పొర మీద కాపలా లేకపోతే లాభం తక్కువ. ఆ పొర మీద ఉండే కాపలా వేరే రకం, దాన్ని ఐజీఏ అంటారు. అది బాగా తయారవ్వాలంటే టీకా పేగుకే తగలాలి, అంటే నోటి ద్వారా పోవాలి.

ఈ సంగతి తెలుసుకోవడానికి ప్రపంచానికి చాలా ఏళ్లు పట్టింది. హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త 1890ల్లో మన దేశంలోనే కలరా సూదులు వేశాడు. తర్వాత దశాబ్దాల పాటు ఆ సూదులు వాడారు గానీ, రక్షణ సగం మేరకే దొరికేది, అదీ కొన్ని నెలలే నిలిచేది. కలరా విషాన్ని విరిచి తయారుచేసిన టాక్సాయిడ్ సూదిని 1974లో బంగ్లాదేశ్‌లోని మత్లాబ్‌లో వేసి చూస్తే అదీ నిరాశే మిగిల్చింది. మళ్లీ అదే మత్లాబ్‌లో 1985లో నోటి టీకాలను పరీక్షించారు. చంపిన బ్యాక్టీరియాకు విషంలోని హానిలేని ముక్కను కలిపిన టీకా మొదటి ఆరు నెలల్లో 85 శాతం దాకా కాపాడింది. ముక్క లేకుండా బ్యాక్టీరియా మాత్రమే ఉన్నది 58 శాతం. మూడేళ్లు గడిచేసరికి రెండూ సుమారు 50 శాతం దగ్గర కలిశాయి. పేగు పొర మీద విషానికి ఎదురుగా నిలిచే కాపలా తొందరగా పెరుగుతుంది, తొందరగా తగ్గుతుంది కూడా. బూస్టర్ల గురించి ఆలోచించేటప్పుడు ఇది గుర్తుండాలి.

సరే, గొర్రెకు కూడా నోటి టీకా ఇస్తే పేగులోనే కాపలా వస్తుంది గదా అనొచ్చు. అక్కడ పొట్ట అడ్డం. టీకాలో ఉన్నది విరిచిన విషం, అంటే ఒక ప్రోటీన్. గొర్రె మింగిన ప్రోటీన్‌ను పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు మేతలాగే అరిగించుకుంటాయి. మనుషుల్లో కూడా విషం ముక్క కలిపిన కలరా టీకాను సోడా ఉప్పు ద్రావణంలో కలిపి తాగించేది అందుకే, కడుపులోని ఆమ్లం ఆ ముక్కను చెడగొట్టకుండా. గొర్రెకు సోడా ఉప్పుతో తీరే సమస్య కాదు. మార్కెట్లో ఎవరైనా "చిటుక రోగానికి తాగించే టీకా" అని అమ్మితే కొనకండి. తాగించేది నట్టల మందు, టీకా కాదు.

ఒక డోసా, రెండు డోసులా

చాలా మందల్లో రక్షణ దెబ్బతినేది ఇక్కడే. చిటుక రోగం టీకా బతికి ఉన్న సూక్ష్మజీవి కాదు. పీపీఆర్ అనే మరో జీవాల రోగానికి వేసే టీకాలాగా ఒంట్లో పెరిగి తన పని తాను చేసుకోదు. మొదటిసారి వేసినప్పుడు ఒంటికి పరిచయం అవుతుంది, కొద్దిగా యాంటీబాడీలు పుడతాయి, కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. 15 రోజుల తర్వాత వేసే రెండో డోసు ఆ జ్ఞాపకాన్ని లేపుతుంది. అప్పుడు యాంటీబాడీలు ఎన్నో రెట్లు పెరిగి నెలల తరబడి నిలుస్తాయి. ఎప్పుడూ టీకా పడని పిల్లకు మొదటి డోసు ఒక్కటే వేయడం అంటే ఖర్చూ శ్రమా పెట్టి ఫలితం దగ్గర ఆగిపోవడమే.

మన దగ్గర రెండో డోసు ఎందుకు తప్పుతుందో అందరికీ తెలిసిందే. క్యాంపు వచ్చిన రోజు మంద ఊళ్లో ఉంటుంది. పదిహేను రోజులకు మేత కోసం పెన్న డెల్టాకో, సాగర్ కాలువ కిందికో పోయి ఉంటుంది. వలస పోయే మందకు నా సలహా ఒకటే. మొదటి డోసు క్యాంపులో పడితే పడనీ, రెండోది ఎక్కడ వేయించాలో బయలుదేరకముందే తేల్చుకోండి. మంద కట్టబోయే ఊరి రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి ముందుగా ఒక ఫోన్ చేసి చెబితే పని సులువవుతుంది. పోయిన ఏడు రెండు డోసులూ పూర్తయిన పెద్ద గొర్రెలకు ఈ ఏడు ఒక్కటి చాలు. కొత్త పిల్లలకూ, సంతలో కొన్నవాటికీ, టీకా పడిందో లేదో తెలియనివాటికీ రెండూ కావాల్సిందే. మందంతా ఒకే లెక్కన చూడకండి, ఎవరికి ఎన్ని అన్నది చెవి గుర్తును బట్టి రాసి పెట్టుకోండి.

నెల విషయంలో ఒక మాట. పుస్తకాల్లో వానలకు ముందు, మే నెలలో అని రాసి ఉంటుంది. అది నైరుతి వానలను నమ్ముకున్న ప్రాంతాలకు సరిగ్గా సరిపోతుంది. నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. లేత గడ్డి విరగబడి మొలిచేది అప్పుడే. మేలో వేసిన ఒకే ఒక్క డోసు, అదీ బూస్టర్ లేకుండా, అక్టోబరుదాకా నిలబడుతుందని నేను నమ్మను. రెండు డోసులు పడిన పెద్ద గొర్రెల సంగతి వేరు, వాటికి మే టీకా చాలు. ఆ ఏడు పుట్టిన పిల్లలకు మాత్రం సెప్టెంబరు ఆఖరులోగా ఇంకొకటి పడేలా చూడటం ఈ జిల్లాకు తగిన పద్ధతి అని నా అభిప్రాయం. టీకా వేసిన మర్నాడే రక్షణ రాదు, పది పదిహేను రోజులు పడుతుంది. అందుకే తుపాను కబురు విన్నాక పరుగెత్తితే ఆలస్యమే.

తల్లికి వేయాలా, పిల్లకా

గొర్రె మాయ గుండా యాంటీబాడీలు కడుపులోని పిల్లకు పోవు. పుట్టిన పిల్లకు దొరికేదంతా ముర్రుపాలలోనే. మొదటి ఇరవై నాలుగు గంటల్లో, అందులోనూ మొదటి కొన్ని గంటల్లో, పిల్ల పేగు ఆ యాంటీబాడీలను అరిగించకుండా నెత్తురులోకి పీల్చుకుంటుంది. ఆ తర్వాత ఆ తలుపు మూసుకుపోతుంది. కాబట్టి చూడి గొర్రెకు ఈనడానికి నెల ముందు, అంటే చూడి నాలుగు నెలలు నిండాక బూస్టర్ వేస్తే ముర్రుపాలు చిక్కటి మందులా తయారవుతాయి. ఒక్క సూదితో తల్లికీ పిల్లకీ రక్షణ. పిల్లకు సుమారు మూడు నెలలు నెట్టుకొస్తుంది.

దీని వెనకాల ఒక చిక్కుంది. తల్లి ఇచ్చిన యాంటీబాడీలు పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం పిల్లకు వేసిన టీకా సరిగ్గా పట్టదు. అందుకే తల్లికి టీకా పడి ఉంటే పిల్లకు నాలుగో నెలలో మొదలుపెట్టాలి. తల్లికి పడకపోతే పుట్టిన మొదటి వారంలోనే మొదలుపెట్టి బూస్టర్ ఇవ్వాలి. ఈ రెండింటిలో ఏది మేలు అంటే, ఖర్చులోనూ ఫలితంలోనూ తల్లికి వేయడమే మేలు. పుట్టిన వారానికే పిల్లకు వేసే టీకా గత్యంతరం లేక చేసే పని. ఒకేసారి ఎక్కువ ఈతలు వచ్చే మందలకు తల్లి టీకా మరీ అనుకూలం. ఈతలు ఏడాది పొడవునా చెల్లాచెదురుగా వచ్చే మందలో మాత్రం ఏ గొర్రె ఎప్పుడు ఈనుతుందో కాపరి లెక్క ఉంచుకోవాలి. ఆ లెక్క మన కాపరులకు కొత్తేం కాదు.

పొట్టేళ్లను మేపేవాళ్లకు

దర్శి, పొదిలి వైపు ఇప్పుడు చాలామంది కుర్రాళ్లు సంతలో మూడు నాలుగు నెలల పొట్టేలు పిల్లలను కొని, షెడ్డులో దాణా పెట్టి, పండక్కి అమ్ముతున్నారు. చిటుక రోగం కాచుకుని కూర్చునేది ఇలాంటి చోటే. పిల్లకు టీకా పడిందో లేదో తెలియదు, వచ్చిన మర్నాడే మొక్కజొన్న దాణా మొదలు. ఇక్కడ ఎంపికకు తావు లేదు, రెండు డోసులు వేయించాల్సిందే. తెచ్చాక నాలుగు రోజులు ఊపిరి తీసుకోనిచ్చి, నట్టల మందు పట్టించి, వారం ఆగి మొదటి డోసు వేయించండి. దాణా చిటికెడుతో మొదలుపెట్టి రెండో డోసు పడి వారం గడిచేదాకా నెమ్మదిగా పెంచండి. వారం ముందు అమ్మకానికి తయారవ్వాలని దాణా గుమ్మరించిన షెడ్లో టీకా ఉన్నా ప్రమాదమే. యాంటీబాడీలు కొంత విషాన్ని ఆపగలవు, వరదను ఆపలేవు.

మేకలున్న మందకు వేరే లెక్క

మందలో పది మేకలుంటే గొర్రెలతో పాటు వాటికీ ఒకే సూది పొడిచి ఊరుకోవడం మామూలు. ఇది సరిపోదు. మేకలో ఈ రోగం ఎక్కువగా పేగులోనే నిలబడి పేగు గోడను తినేస్తుంది, నెత్తురు విరేచనాలు వస్తాయి. విషం నెత్తురులోకి పోయే దాకా ఆగదు. టీకా వేసిన మేకల పేగులోకి ఈ బ్యాక్టీరియాను ఎక్కించి చేసిన ప్రయోగాల్లో, మెదడుకు వచ్చే లక్షణాల నుంచి అవి తప్పించుకున్నాయి గానీ పేగు వాపు మాత్రం వచ్చింది. పైగా గొర్రెతో పోలిస్తే మేకలో యాంటీబాడీలు తక్కువగా పుడతాయి, తొందరగా తగ్గిపోతాయి. కాబట్టి మేకలకు ఏడాదికొకటి చాలదు. ఆరు నెలలకొకసారి బూస్టర్ వేయించాలి. అయినా గొర్రెలో వచ్చినంత ధీమా మేకలో పెట్టుకోకూడదు. మేకల విషయంలో సూది కంటే మేత మార్పును అదుపులో పెట్టడమే ముఖ్యం.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పకపోతే తప్పవుతుంది. పేగులోనే దెబ్బకొట్టే ప్రతి విషానికీ సూది పనికిరాదని అనుకోవద్దు. ఇదే బ్యాక్టీరియాలో సి రకం బీటా అనే విషాన్ని వదిలి పేగును కుళ్లబెడుతుంది. పపువా న్యూ గినీ కొండల్లో పంది మాంసం విందుల తర్వాత పిల్లలు ఈ రోగంతో చచ్చిపోయేవాళ్లు. అక్కడ 1980ల్లో సూది టాక్సాయిడ్ వేశాక కేసులు బాగా తగ్గాయి. నెత్తురులోని యాంటీబాడీలు మంట వచ్చిన పేగులోకి కొంత ఊరతాయి, బీటా విషానికి అది సరిపోయింది. కలరాకు సరిపోలేదు. ఇంతకు మించి దీనికి సూత్రం ఏమీ లేదు, విషాన్ని బట్టి చూసుకోవాల్సిందే.

ఒక్క డి రకం టీకా తీసుకోవాలా, బి, సి, డి మూడూ కలిపినది తీసుకోవాలా అని కూడా అడుగుతారు. పుట్టిన మొదటి వారంలోనే పిల్లలు నెత్తురు పారి చస్తుంటే కలిపినది తీసుకోండి, దాన్ని చూడి గొర్రెలకు వేయించండి. ముర్రుపాలలో ట్రిప్సిన్‌ను ఆపే గుణం ఉంటుంది. బీటా విషాన్ని విరిచేది ట్రిప్సినే కాబట్టి పసిపిల్లలకే ఆ రోగం ఎక్కువ. పిల్లలు బాగానే ఉండి, ఎదిగినవి మాత్రం గడ్డి సీజన్లో చిటుక్కున పోతుంటే డి రకం ఒక్కటి చాలు. ఎక్కువ రకాలున్న సీసా ఎక్కువ రక్షణ అనే లెక్క ఎప్పుడూ నిజం కాదు.

ఇంట్లో మనుషుల సంగతి

మనుషుల కలరా టీకా మన సార్వత్రిక టీకాల పట్టికలో లేదు. కలరా ఉన్న దేశానికి పనికి పోయేవాళ్లూ, వరద సహాయానికి పోయేవాళ్లూ డాక్టర్‌ను అడిగి తీసుకోవచ్చు. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసిన శాంకాల్‌కు 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం వచ్చింది గానీ, 2023తో దాని సరఫరా ఆగిపోయింది. భారత్ బయోటెక్ 2024లో హిల్‌కాల్ తెచ్చింది. వీటిలో విషం ముక్క ఉండదు, సోడా ఉప్పు అక్కర్లేదు, రెండు వారాల తేడాతో రెండు డోసులు తాగితే చాలు. విషం ముక్క కలిపిన డుకోరాల్ కొద్ది నెలల ప్రయాణానికి మెరుగు, పెద్దలకు రెండేళ్లకు బూస్టర్ కావాలి. మన ఊళ్లో ఏళ్ల తరబడి ఉండేవాళ్లకు ముక్క లేని రకమే నయం, ధర కూడా తక్కువ.

సూదికి పేగు మీద ఏ ప్రభావమూ ఉండదా అంటే, ముందు పేగుకు పరిచయం ఉంటే ఉంటుంది. 2014లో వెలువడిన వేలూరు పరిశోధనలో పోలియో చుక్కలు చాలాసార్లు వేసుకున్న పిల్లలకు ఒక పోలియో సూది వేస్తే, ఆ తర్వాత వాళ్ల మలంలో వైరస్ బయటపడటం తగ్గింది. పోలియో బ్యాక్టీరియా కాదు, దానిలో విషం సంగతీ లేదు. పేగు నేర్చుకున్నదాన్ని సూది గుర్తుచేయగలదని మాత్రం అది చూపించింది. ఎప్పుడూ నేర్పనిదాన్ని మొదటిసారి పేగుకు నేర్పడం సూదికి కష్టం.

సీసా దగ్గర

ఏ టీకా ఎంచుకున్నా చలవ దెబ్బతింటే అంతా వృథా. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఇంట్లో ఫ్రిజ్ పైనున్న ఐసు అరలో పెట్టారంటే టీకా చచ్చినట్టే, గడ్డకట్టి కరిగినదాన్ని పారేయండి. ఐసు ముక్కలకు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టండి. వాడేముందు సీసా బాగా ఊపాలి, తెరిచిన సీసా ఆ రోజే అయిపోవాలి. మోతాదు సీసా మీద రాసినంతే, చర్మం కిందే వేయాలి. సూది పడినచోట చిన్న గడ్డ కొన్నాళ్లు ఉంటుంది, దానికి భయపడక్కర్లేదు. పీపీఆర్, మశూచి టీకాలతో కలిపి ఒకే రోజు వేయించాలనుకుంటే ముందు డాక్టర్‌ను అడగండి.

అన్నీ సరిగ్గా చేసినా ఒకటి రెండు చస్తే వెంటనే మందను ఆ మేత నుంచి మార్చి, దాణా ఆపి, 1962కి ఫోన్ చేయండి. పోస్టుమార్టం త్వరగా జరగాలి. మెత్తబడిన మూత్రపిండం చిటుక రోగానికి ఒక గుర్తు, కానీ ఎండాకాలంలో కొన్ని గంటలు ఆలస్యమైతే మంచి మూత్రపిండం కూడా మెత్తబడి మోసం చేస్తుంది. ముక్కు నుంచో, వెనక నుంచో గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతుంటే మాత్రం కళేబరం మీద కత్తి పెట్టొద్దు, తోలు తీయొద్దు, కూరకు పంచొద్దు. అది చిటుక రోగం కాకుండా దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు, మనుషులకు అంటుకుంటుంది. డాక్టర్ వచ్చి చూసేదాకా కుక్కలు దగ్గరికి రాకుండా కాపలా పెట్టండి.